పైపూతకు మాత్రమే

మా టీచరమ్మ పోయారని సాలూరు నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసేసరికి నేను మూడో తరగతి పిల్లల చేత పాఠం చదివిస్తున్నాను. అరకులోయ పైనున్న ఈ బడిలోనే, వాళ్ల వయసులో నాకు ఆవిడ చదవడం నేర్పారు.

అక్షరాలు అప్పటికే వచ్చు మాకు. చదవడమే రాదు. ఇంట్లో కువి భాష, పుస్తకంలో తెలుగు. కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరిచిపోయేవాళ్లం. ఆవిడ ముందు తాను చదివేవారు, తర్వాత మాతో కలిసి, ఆపైన ఒక్కొక్కరి చేత. అదే పేరా, నాలుక తిరిగేదాకా. నేను గడగడా చదివేసి గొప్పగా చూస్తే పుస్తకం మూసేసేవారు.

"బేగి సదివేవు, బాగుంది. ఏటి సెప్పిందే గుంటా, అది?"

తెలుగులో రాకపోతే మా భాషలోనే చెప్పమనేవారు. ఆవిడకి కువి రాదు. వింటున్న పిల్లల మొహాలు చూసి నాకు అర్థమైందో లేదో కనిపెట్టేవారు.

ఒకరోజు "గోడకి పూత" అని పాఠంలో వచ్చింది. మాకు తెలిసింది కాఫీ పూతే. గోడకి పువ్వులు పూస్తాయనుకున్నాం. ఆవిడ నవ్వలేదు. ఎర్రమట్టి కలిపించి బడి అరుగుకి మా చేతే పూత పూయించారు.

"మాట ఒకటే. ఏ పూతో పక్క మాటల్ని అడగండి, అవే సెప్తాయి."

ఆ వానాకాలం మా చెల్లికి దగ్గు పట్టుకుంది. దగ్గు మందని సంతలో ఎవరో ఇచ్చిన సీసా మూత తీసి అమ్మ చెంచాలో పోస్తోంది. సీసా మీద చిన్న అక్షరాలు: పైపూతకు మాత్రమే. పైన. పూత. చేతులకంటిన తడిమట్టి గుర్తొచ్చింది.

"అమ్మా, తాగించకు! ఒంటికి రాసేదది!"

చెంచా లాగేసుకున్నాను.

"నీకెవరు చెప్పారు?" అంది అమ్మ.

"సీసాయే చెప్పింది."

మర్నాడు అమ్మ మొదటిసారి బడి మెట్లెక్కింది, సీసా పట్టుకుని. జరిగింది విని టీచరమ్మ కళ్లు తుడుచుకుని, ఆ సీసాని క్లాసంతా తిప్పి అందరి చేతా చదివించారు.

ఆవిడని కడసారి చూడ్డానికి జీపు నిండా వెళ్లాం. ఒక నర్సు, ఒక పోస్టుమాన్, నలుగురైదుగురు కాఫీ రైతులు, నేను. అందరం ఆవిడ దగ్గర చదివినవాళ్లమే. తిరుగు దారిలో, ఘాట్ రోడ్డు మీద, ఎవరు మొదలుపెట్టారో గానీ, బోర్డు కనిపించినప్పుడల్లా పైకి చదవసాగాం. ఏడుస్తూనే, ఒకరిని మించి ఒకరు గట్టిగా. జీపు తోలేవాడూ ఆవిడ శిష్యుడే. "హారన్ కొట్టండి" అని చదివి, కొట్టాడు. మలుపు తిరిగేదాకా చెయ్యి తియ్యలేదు.