చావని చేప తెమ్మన్నాను

కరోనా తగ్గి అచ్యుతాపురం ఫ్యాక్టరీలు మళ్లీ మూడు షిఫ్టులు నడపడం మొదలుపెట్టిన ఏడాది, వానలకు ముందు, అక్కడి ఒక మందుల కంపెనీలో పర్యావరణ విభాగం మేనేజరుగా చేరాను. ఉద్యోగంలో అదే నా చివరి మజిలీ. నేను చదివింది జంతుశాస్త్రం. ఏ ప్రాణి ఏ నీటిలో ఎందుకు బతుకుతుందో, ఎందుకు చస్తుందో అప్పజెప్పగలిగేవాణ్ణి. ఆ చదువును దేనికి వాడానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా కింద ఇద్దరు కెమిస్టులు, పైన ప్లాంట్ హెడ్. మా పని ఈటీపీ, అంటే ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం, చూసుకోవడం. శుద్ధయిన నీటిని ఆవరణలోని మొక్కలకే పోయాలని అనుమతి పత్రంలో ఉంది. వానాకాలంలో మొక్కలు నీళ్లు అడగవు, పైపు మాత్రం ఆగదు. మిగిలింది ప్రహరీ పక్కన గెడ్డ అని పిలిచే వాగులోకి పోయేది. రిజిస్టరులో మాత్రం అదీ మొక్కలకే పోయేది.

ఈ రంగంలో బయోఅస్సే అనే పరీక్ష ఉంది. శుద్ధి చేసిన నీటిలో చేపల్ని వదిలితే తొంభై ఆరు గంటల తర్వాత నూటికి తొంభై బతికుండాలి. అసలు పరీక్ష లాబొరేటరీలో జరుగుతుంది. అయినా వచ్చిన అధికారులకు కనబడేలా ఈటీపీ ముందు అద్దాల తొట్టి పెట్టి, ఆ నీరే నింపి, చేపల్ని తిప్పడం మా దగ్గర ఆనవాయితీ. అంకెలు చదివే ఓపిక లేనివారు కూడా చేపను చూసి సంతోషిస్తారు.

చేపలు తెచ్చేది ఎర్రయ్య. గెడ్డ సముద్రంలో కలిసేచోట అతని ఊరు. సముద్రం మీదికి పోలేని రోజుల్లో ఆ ఊరికి కూడు పెట్టేది గెడ్డే. మొదట అతను గెడ్డలో పట్టిన పరిగెలు తెచ్చాడు. వేలెడంత చేపలు. మర్నాటికి అన్నీ వెల్లకిలా తేలాయి. రెండోసారీ అంతే. ప్లాంట్ హెడ్ నన్ను పిలిచి తొట్టి చూడ్డానికి బాగాలేదన్నారు. నీరు బాగాలేదని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. ఎర్రయ్యను పిలిచి, చావని చేప తెమ్మన్నాను.

అతను, "సావని సేపేటి బాబూ? కొరమేనైతే పైకొచ్చి గాలి పీల్సుకుంతాది. నీల్లెలాగున్నాయో అది సెప్పదు," అన్నాడు.

నాకది తెలియక కాదు. డిగ్రీలో ఆ చేప శ్వాసాంగాల బొమ్మ గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. కొరమేనులే తెమ్మన్నాను.

ఆ వానాకాలం నడుమ గెడ్డలో చేపలు తేలాయి. పరిగెలు, రొయ్యలు, ఆఖరికి పీతలు కూడా. ఊరివాళ్లు వాటిని బుట్టలతో తెచ్చి మా గేటు ముందు కుమ్మరించారు. ఫిర్యాదు మీద కాలుష్య నియంత్రణ మండలి నుంచి తనిఖీ ఇంజనీరు వచ్చారు. తప్పు మాదని తేలితే పైపు మూయించాలి. తేలకపోతే గెడ్డలో వేట ముగిసినట్టే. ఊరి తరఫున ఎర్రయ్యనూ, అతని బావమరిది అప్పలరాజునూ లోపలికి రానిచ్చారు. నేను అందరినీ నేరుగా తొట్టి దగ్గరికి నడిపించాను.

అప్పలరాజు తొట్టిలోకి తొంగిచూసి, "కంపెనీ సేపలకి మేత నువ్వే ఎడతన్నావట గదా బావ. గెడ్డ సేపలకి తద్దినం కూడా నువ్వే ఎట్టీ," అన్నాడు.

ఎర్రయ్య ఇంజనీరు వైపు తిరిగాడు. "ఇందులో ఓ పరిగెని ఒగ్గేసి, రేపొచ్చి సూడండి బాబూ. అది సెప్తాది."

శాస్త్రం చదివినవాణ్ణి కదా, ఇతని మాటలో నిజముందా అని ఇంజనీరు నన్నే అడిగారు. ఉందంటే సరిపోయేది. కొరమేను స్థానిక జాతేననీ, వానకు బురద దిగి ఆక్సిజన్ తగ్గినా గెడ్డల్లో చేపలు చస్తాయనీ చెప్పాను. విడివిడిగా చూస్తే రెండూ నిజాలే. అప్పుడే ఒక కొరమేను పైకొచ్చి గాలి మింగి కిందికి పోయింది. ఇంజనీరు 'చేపలు చురుకుగా ఉన్నవి' అని రాసుకున్నారు.

ఫిర్యాదు మూసేశారు. ఏడాది తిరిగేసరికి గెడ్డలో వల వేసేవారు లేరు. అప్పలరాజు గాజువాకలో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను. ఎర్రయ్యకు, కంపెనీ సామాజిక బాధ్యత పద్దు కింద, నేనే కాంట్రాక్టు పని ఇప్పించాను. తొట్టి కడగడం, కొరమేనులకు మేత వేయడం. నియామక పత్రంలో హోదా 'ఆక్వాటిక్ అటెండెంట్'. మేలు చేశాననే అనుకున్నాను. అతను రోజూ నీలం యూనిఫాంలో వచ్చి నాకు సలాం కొట్టేవాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. నివేదికలో చేపలు బతికాయని కనిపిస్తే, ఎన్ని బతికాయని అడగడంతో ఆగకండి. అవి ఏ జాతి చేపలో, వాటిని ఎంచింది ఎవరో అడగండి. మా తొట్టికి ఎంచింది నేను. తెలిసే ఎంచాను.