కిటికీలు తెరిశే రూము

ఈ ఎండాకాలం పిల్లలను వైజాగ్ తీస్కపోదామనుకున్నం. ఊకె ఒడ్డున కూసొని పల్లీలు తినొచ్చుడు కాదట. ఈత కొట్టాలె, పడవ నడపాలె, సర్ఫింగ్ నేర్చుకోవాలె అని ఇంటర్ చదివే కొడుకు, పదో తరగతి చదివే బిడ్డ ఫోన్ల అన్నీ చూసిపెట్టిన్రు. రూము సంగతి నాకిడిశిన్రు. బొల్లారంల మందుల కంపెనీల పనిజేసేటోన్ని, జిందగీల ఒక్కసారన్న ఏసీల పండాలె గదా అని నలుగురికి కలిపి ఒక ఏసీ రూము చూసిన.

"ఏసీ వద్దు బాపూ. కిటికీలు తెరిశేది చూడు" అన్నది బిడ్డ.

నాకు మండింది. మే నెలల ఏసీ వద్దనేటోళ్లు ఎవరన్న ఉంటరా అని కసురుకున్న. బిడ్డ తల దించుకున్నది.

"నీకు తెల్వదు" అన్నది నా భార్య మెల్లగ. "నువ్వు ఎంత తానం జేసినా ఒంటికున్న కంపెనీ వాసన పోదు."

మందులు తయారుజేసే రియాక్టర్లల్ల ఘాటు సాల్వెంట్లు పోసి పోసి నా ముక్కు ఎప్పుడో సచ్చింది. నేను బస్సు దిగి ఇంట్లకు రాంగనే పిల్లలు లేచి కిటికీలు తెరుస్తరు. బాపు చెమటలు కక్కుకుంట వచ్చిండు, గాలి తగలాలని తెరుస్తున్నరనుకొని ఇన్నేండ్లు మురిసిన.

ఎవ్వరి మొఖం చూడబుద్ధి కాలే. కొడుకు వచ్చి పక్కన కూసున్నడు.

"దినమంత సముద్రంలనే ఉంటం గద బాపూ" అన్నడు. "ఉప్పునీళ్లకు పోతది తియ్."