పియానో విప్పాను, చెయ్యి చూసుకోలేదు

పియానో మా ఇంటికి వచ్చి అప్పటికి పది రోజులు. సాయంత్రం మా అమ్మాయి మెర్సీతో కలిసి ఆదివారం పాట సాధన చేస్తున్నాను. పాటలో అన్నిటికంటే పై స్వరం కుడి చెయ్యి చిటికెన వేలికి వస్తుంది. నొక్కాను. మోగలేదు. మళ్ళీ నొక్కితే మోగింది గానీ ఎవరో గొణిగినట్టుగా వినపడింది.

"నాన్నా, పై సొరం మింగేస్తన్నావు," అంది మెర్సీ.

"నేను మింగడమేటే! ఈ కీకే ఏదో అయ్యింది," అన్నాను.

అక్కడే చేశాను తప్పు. నేను సాలూరులో లారీలకు వైరింగ్ చేసే మేస్త్రీని. పేరు దేవదానం, ఊళ్ళో అందరికీ దానం మేస్త్రీని. హెడ్‌లైటు వెలగకపోయినా, హారన్ మోగకపోయినా బండి తిన్నగా నా షెడ్డుకే వస్తుంది. మోగని వస్తువు కనపడితే విప్పి చూడటం ఒక్కటే నాకు తెలిసిన విద్య. నొక్కే వేలు పాడై ఉండొచ్చని నా బుర్రకు తట్టనే లేదు.

చర్చిలో కీబోర్డు ఏళ్ళ తరబడి నేనే వాయిస్తున్నాను. దాని కీలు తేలిక, వేలు ఆనితే చాలు దిగిపోతాయి. ఈ డిజిటల్ పియానో అలా కాదు. ఎనభై ఎనిమిది కీలు, ప్రతి కీ వెనకా బరువు ఉంటుంది, వేలిని ఎదిరిస్తుంది. మెర్సీ నేర్చుకోవడానికని విశాఖపట్నంలో కొని, తెలిసిన లారీలో దుప్పట్లు చుట్టి తెచ్చాను. స్టాండు నేనే బిగించాను. మా వీధిలో కరెంటు నమ్మకం లేదు కాబట్టి దానికని వేరే లైను లాగి, ఎర్తింగ్ ఇచ్చి, స్టెబిలైజర్ పెట్టాను. మోచేతులు కీల మట్టానికి వచ్చేలా బెంచీ కాళ్ళు కోసి సరిచేశాను. మా ఆవిడ రత్నం చూసి చూసి, "కొత్త కోడలికి కూడా ఇంత మర్యాద సెయ్యరు," అంది.

మర్నాడు పొద్దున్నే పియానో విప్పేశాను. గ్యారంటీ ఉంది, షాపుకు ఫోన్ చెయ్యమని రత్నం మొత్తుకుంది. వింటానా? స్క్రూలన్నీ తీసి, కీల కింద రబ్బరు బటన్లు స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ బిగించాను. మెర్సీ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. అంతా అయ్యాక చిటికెన వేలితో నొక్కాను. అదే గొణుగుడు. మెర్సీ వచ్చి అదే కీ నొక్కింది, గణగణా మోగింది.

అప్పుడైనా తెలియాలి కదా! తెలియలేదు. పుస్తకం తిరగేస్తే 'టచ్' అని ఒక సెట్టింగు కనపడింది. హార్డ్, మీడియం, లైట్. లైట్‌లో పెడితే మెల్లగా నొక్కినా గట్టిగా మోగుతుంది. పెట్టాను, మోగింది. "సూసేవా, మీ నాన్నంటే ఏటనుకున్నావు?" అని మెర్సీ ముందు మీసం మెలేశాను. ఆ లైటు సెట్టింగు మీదే రెండు నెలలు వాయించాను. ఆ రెండు నెలలూ నా నరం చచ్చిపోతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో టంకం వేస్తుంటే ఏదో కాలిన వాసన వచ్చింది. వైరు కాలుతోందనుకుని బండి కింద, బ్యాటరీ దగ్గర, అంతా వెతికాను. కాలుతున్నది నా చిటికెన వేలు. టంకం కడ్డీ దానికి ఆనుకుని ఉంది. తోలు తెల్లగా పొంగింది, నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

ఇంటికెళ్ళి రత్నానికి చూపించాను. "నొప్పి నేదా?" అంది. "నేదు." "ఒట్టు?" ఒట్టేశాను. రత్నం సూది తెచ్చి, "కళ్ళు మూసుకో," అంది. మూసుకున్నాను. కాసేపు ఆగి, "ఇంకా గుచ్చవేటి?" అనడిగాను. కళ్ళు తెరిచేసరికి రత్నం చెంపలు తడిసిపోయాయి. "మూడుసార్లు గుచ్చేను," అంది.

మొదట ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మెడకి ఎక్స్‌రే తీసి, మెడ దగ్గర నరం నలుగుతోందని విటమిన్ మాత్రలు రాశాడు. నెల వాడాను, గుణం లేదు. పిడికిలి పడితే నట్లు జారిపోతున్నాయి. అప్పుడు విజయనగరం వెళ్ళి నరాల డాక్టరుకు చూపించుకున్నాను. నెర్వ్ కండక్షన్ టెస్టు చేశారు. చేతికి చిన్న చిన్న షాకులిస్తే తెరమీద గీతలు రావాలి. వైరింగ్ మేస్త్రీకి ఆ పాటి అర్థం కాదా? కుడి చెయ్యి గీత పడుకుండిపోయింది.

"అల్నార్ నెర్వ్, అంటే చిటికెన వేలికి వెళ్ళే నరం, దెబ్బతింది," అన్నారు డాక్టరుగారు. తరవాత నా మోచెయ్యి వెనక నరం మీద వేలు పెట్టి అటూ ఇటూ దొర్లించారు. చొక్కా చెయ్యి పైకి మడవమన్నారు. మోచేతి కింద నాకో పాలిపోయిన మచ్చ ఉంది. ఎన్నాళ్ళనుంచో ఉంది. శోభి అనుకుని ఆయింట్‌మెంటు రాస్తుండేవాణ్ణి.

"ఈ మచ్చ ఎవరికీ చూపించలేదా?"

"శోభే కదా సార్, సూపించడానికి ఏటుంది?"

ఆయన చీటీ రాసి ప్రభుత్వాసుపత్రిలో స్కిన్ డాక్టరు దగ్గరికి పంపించారు.

అక్కడ ఒక మేడమ్‌గారు నన్ను కళ్ళు మూసుకోమని, దూది తాకినచోటల్లా వేలుపెట్టి చూపించమన్నారు. చెంప మీద చూపించాను, ఎడం చేతిమీద చూపించాను. తరవాత చాలాసేపు ఏమీ తాకలేదు. కళ్ళు తెరిస్తే దూది నా మచ్చ మీదే ఉంది. వీపు మీద మరి రెండు మూడు మచ్చలు దొరికాయి, వాటి సంగతి నాకే తెలియదు. చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి క్రిముల పరీక్షకు స్కిన్ స్మియర్ తీశారు.

రిపోర్టు వచ్చాక మేడమ్ కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ఇది హాన్సెన్స్ డిసీజ్. అంటే లెప్రసీ. భయపడకండి, పూర్తిగా తగ్గుతుంది. మందు కూడా ఉచితమే."

ఆ 'భయపడకండి' తరవాత నాకేమీ వినపడలేదు. మా చర్చిలో పాపానికి పోలిక చెప్పాలంటే ఆ రోగం పేరే చెబుతారు. ఆ ప్రసంగాలకు వెనక మెత్తగా కీబోర్డు వాయించింది నేనే. ఎన్ని ఆదివారాలు వాయించానో!

నోరు తెరిచి ముందు అడిగింది నా వేలు గురించి కాదు. "మా పాప నాతో ఒకే బెంచీ మీద కూసుంటాది మేడమ్. ఆ కీలే ముట్టుకుంటాది. దానికి గానీ..."

"కీలు ముట్టుకుంటే రాదు. మందు వాడని మనిషితో చాలాకాలం దగ్గరగా ఉంటే, తుమ్మూ దగ్గూ ద్వారా ఎవరో కొందరికి రావచ్చు. రేపు ఇంట్లో వాళ్ళందర్నీ తీసుకురండి, చూస్తాను."

ఇంటికి వచ్చి పియానోను డెట్టాల్‌తో తుడిచి, గుడ్డ కప్పి, ప్లగ్గు పీకేశాను. కీల వల్ల రాదని ఆవిడ చెప్పినా మనసు వింటుందా? మెర్సీ మోకాలి దగ్గర ఒక తెల్లటి మచ్చ ఉంది. అంతకు ముందు ఎన్నిసార్లు చూశానో. ఆ రోజు దాన్ని లైటు కింద మళ్ళీ మళ్ళీ చూశాను. నేను ఏమైపోయినా ఫరవాలేదు గానీ, ఆ పిల్ల వేళ్ళ జోలికి రావద్దు దేవుడా అని ఏడ్చాను.

మర్నాడు మేడమ్ మెర్సీ కళ్ళు మూయించి దూది తీశారు. నేనూ రత్నమూ గోడకి ఆనుకుని నిలబడ్డాం. "ఇక్కడ," అంది మెర్సీ. "ఇక్కడ. ఇక్కడ." దూది మోకాలి మచ్చ దగ్గరికి వెళ్ళింది. "ఇక్కడ," అంది మెర్సీ. నేను ఆ గోడవారనే కింద కూర్చుండిపోయాను. రత్నానికి కూడా ఏమీ లేదు. ఇద్దరికీ ముందు జాగ్రత్తగా రిఫాంపిసిన్ అనే మందు ఒక్కసారి మింగించారు.

నాకు ఏడాది మందు రాశారు, ఎం.డి.టి. అంటారు. నెలకో అట్ట మా పి.హెచ్.సి.లో ఇస్తారు. నెల మొదటి డోసు నర్సు ఎదురుగా మింగాలి. ఆ రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. పోనుపోను ఆ మందుకి ఒళ్ళు నల్లబడింది. చర్చిలో అడిగితే ఎండలో పని అన్నాను. చెయ్యి సంగతి అడిగితే షాక్ కొట్టిందన్నాను. వైరింగ్ మేస్త్రీ మాట ఎవరు నమ్మరు?

నాలుగో నెలలో మోచెయ్యి వాచింది. మచ్చ ఎర్రబడింది, నరం వెంట మంట మొదలైంది. "నొప్పి వస్తే ఆ రోజే రండి, అది రియాక్షన్, నరాన్ని తినేస్తుంది," అని మేడమ్ మొదటి రోజే చెప్పారు. కానీ ఆ వారమే మా చర్చికి వచ్చే ఒకమ్మాయి పి.హెచ్.సి.లో ఉద్యోగంలో చేరింది. మేడమ్ దగ్గరికి వెళ్ళాలంటే ముందు అక్కడ చీటీ రాయించుకోవాలి. చేతి మీద ఈ వాపుతో కనపడితే గుట్టు రట్టవుతుందనుకున్నాను. మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని రెండు వారాలు పళ్ళ బిగువున ఓర్చుకున్నాను. రత్నం పోరితే కసిరాను. పదిహేనో రోజు పొద్దున్న చూసుకుంటే ఉంగరం వేలూ చిటికెన వేలూ లోపలికి ముడుచుకున్నాయి. చాపుదామంటే రావు.

మేడమ్ నా చెయ్యి చూసి బల్ల మీద పెన్ను గిరాటేశారు. "నొప్పి మొదలైన రోజే రమ్మన్నానా లేదా?"

"అన్నారు మేడమ్."

"మరి ఎవరికి భయపడ్డారు?"

ముడుచుకున్న వేళ్ళను ఎడం చేత్తో కప్పుకున్నాను.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. నెలలపాటు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారు. మొహం బూరెలా ఉబ్బింది. ఎం.డి.టి. మాత్రం ఆపలేదు. వేళ్ళు చాచి ఉండేలా చేతికి స్ప్లింట్ కట్టారు. ఫిజియోథెరపిస్టు రోజూ నూనె రాసి వేళ్ళు చాపించాడు. అతనే ఒకరోజు, "ఇంట్లో పియానో ఉందట కదా? రోజుకు పది నిమిషాలు ఒక్కో వేలూ ఎత్తి నొక్కండి. మోగకపోయినా నొక్కండి," అన్నాడు. గుడ్డ తీసి ప్లగ్గు పెట్టాను. మెర్సీ పక్కన కూర్చుని, "నాలుగో వేలు నాన్నా. లేపు. లేపు," అని సతాయించేది. మూడు నెలలకు ఉంగరం వేలు లేచింది. చిటికెన వేలు లేవలేదు.

"ఇది వచ్చినంత వరకే," అన్నారు మేడమ్ చివరికి. "రెండు వారాలు ముందు వచ్చుంటే ఇంకా బాగుండేది."

ఒక శనివారం మెర్సీ చర్చి నుంచి వచ్చి సంచీ విసిరికొట్టింది. "మీ నాన్న వేలుకి ఏటయ్యిందే అని మళ్ళీ అడిగేరు. షాక్ కొట్టిందని మళ్ళీ సెప్పేను. నువ్వు భయపడి అబద్ధమాడు నాన్నా. నాచేత ఎందుకు ఆడిస్తావు? నాకు సిగ్గేస్తంది."

ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. మర్నాడు ఆరాధన చివర సాక్ష్యం చెప్పే వేళ లేచి నిలబడ్డాను. "నాకు షాక్ కొట్టనేదు. నాకు కుష్ఠు వచ్చింది. మందు మింగుతన్నాను. నా వల్ల ఎవరికీ రాదని డాక్టరమ్మ సెప్పింది. నేను అబద్ధమాడేను, చెమించండి," అన్నాను.

సంఘపెద్ద ఒకాయన నెమ్మదిగా, "కొన్నాళ్ళు వెనక కూసోరాదేటి దానం?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచేలోపే పాస్టరుగారు అందుకున్నారు. "దానం ఎక్కడ కూసుంటాడో అక్కడే కూసుంటాడు. ఆ రోగం పేరు పెట్టి ఇన్నాళ్ళూ నేను సెప్పిన పోలికలకి నాకే సిగ్గుగా ఉన్నాది." ఆ తరవాత ఆయన ఆ పోలిక మళ్ళీ వాడలేదు. కొందరు మాత్రం ఇప్పటికీ నాకు చెయ్యి కలపరు. ఉండనీ.

నాలుగు రోజులకు అప్పన్న లారీ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. మా చర్చిలో డోలక్ వాయించే డ్రైవరతను. "హారన్ మోగడం నేదు మేస్త్రీ," అన్నాడు. నొక్కాను. వీధి వీధంతా అదిరింది. అతను నవ్వలేదు. కుర్రాళ్ళు టీకి వెళ్ళేదాకా ఆగి, నాకు వీపు పెట్టి చొక్కా ఎత్తాడు. నడుము పైన అరచెయ్యంత పాలిపోయిన మచ్చ. "రెండేళ్ళయ్యింది. మా యావిడికి కూడా సెప్పనేదు."

దూది తీసి వత్తిలా చేశాను. "తగిలితే సెప్పు," అన్నాను. అతను ఎదురుచూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి, "ఇంకా ముట్టుకోవేటి అన్నా?" అనడిగాడు.

"ముట్టుకుంటూనే ఉన్నాను తమ్ముడూ," అన్నాను. షెడ్డుకు తాళం వేసి అతన్ని వెంటబెట్టుకుని పి.హెచ్.సి.కి వెళ్ళాను. చీటీ రాసింది ఆ అమ్మాయే. నేను ఎవరిని చూసి రెండు వారాలు దాక్కున్నానో ఆ అమ్మాయి. "కూసోండి అన్నయ్యా, నీళ్ళు కావాలా?" అంది.

నా ఏడాది మందు పూర్తయింది. అప్పన్నకు ఒక్కటే మచ్చ కాబట్టి ఆరు నెలలకే అయిపోయింది. నేను తొమ్మిది వేళ్ళతో వాయిస్తున్నాను. తిమ్మిరి వేలు కాలకుండా పనిలో గ్లౌజు వేసుకుంటున్నాను. పై స్వరం వచ్చినప్పుడు పక్కనుంచి మెర్సీ నొక్కుతుంది.

చదివిన మీకు నేను చెప్పేది ఒక్కటే. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉంటే, ఇంట్లో ఎవరినైనా పిలిచి కళ్ళు మూసుకుని దూదితో తాకించుకోండి. తాకినట్టు తెలియకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. తెలిసినా ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. ఎవరు చూస్తారో అని ఆగకండి. ఆగిన రెండు వారాలకు నాకు ఒక వేలు పనికిరాకుండా పోయింది. అప్పన్న రెండేళ్ళు దాచినా వేళ్ళు వంగకముందే వచ్చాడు, మొన్న ఆదివారం పది వేళ్ళతోనూ డోలక్ వాయించాడు.