నుదుటి మీద అరకిలో

నా నుదుటి మీద ఈ మచ్చ చూశారూ, ఇది పీహెచ్‌డీ ముద్ర. వన్ టౌన్ చేపల సందులో నలభై మంది ఆడవాళ్ళు కత్తిపీటలెత్తితే, మధ్యలో నిలబడి చెయ్యెత్తి ఆపినవాణ్ణి నేను.

అరవయ్యెనిమిదో ఏట పట్టిందీ పరిశోధన పిచ్చి. ఎవరినీ వదలకుండా కలుపుకుపోయే కొత్త ఏర్పాట్లు నా విషయం. కొల్లేరు చేపలమ్మేవాళ్ళకీ సముద్రపు చేపలమ్మేవాళ్ళకీ కలిపి సోలారుతో నడిచే ఐసు పెట్టె పెట్టించాను. ఒకటే తాళం, ఎర్రదారం కట్టిన ఒకటే తాళంచెవి. కొల్లేరు నుంచి రొయ్యలు తెచ్చే ఒకావిడ పూచీ నాదని మాటిస్తేనే రెండు వైపులవాళ్ళూ ఒప్పుకున్నారు.

నేను మీటింగు పెట్టిన పొద్దునే తాళంచెవి కనపడలేదు. ఐసంతా లోపల. బయట ఎండలో ఆవిడ రెండు గంపల రొయ్యలు మెత్తబడుతున్నాయి. "మీకు మాటిచ్చి నేను చెడ్డానే," అంటూ పెట్టెని గుద్దుతోంది.

"మీరే దాచారే!" అని సముద్రపు చేపల వైపు నుంచి ఒకామె.

"నీ మొహానికి దాచడమొకటా!"

మొదట గంప ఎగిరింది. తర్వాత జుట్లు. ఒకామె ఇంకొకామె కమ్మ పట్టి లాగితే చెవి తమ్మె రెండుగా చీలింది. ఎవరో తన్నిన కత్తిపీట ఒకామె మడమలో దిగింది. ఇద్దరు కిందపడి, ఒకరి నోట్లో ఒకరు పొలుసులు కుక్కుకున్నారు. నేల మీద చేపల నీళ్ళేవో నెత్తురేదో తెలియలేదు.

సరే, ఒప్పుకుంటాను. నలభై కాదు, పదకొండు మంది. నేను చెయ్యెత్తలేదు, తోపుడుబండి కింద దూరాను. ఎటో పోతున్న అరకిలో తూకం రాయి అక్కడికే వచ్చి నుదురు పగలగొట్టింది. ముసలాడు చచ్చాడనుకుని అందరూ ఆగిపోయారు. ఆ లెక్కన ఆపింది నేనేగా!

రెండు వర్గాల మధ్య పాతుకుపోయిన అపనమ్మకమే ఈ ఘర్షణకి కారణమని నా థీసిస్‌లో రాశాను. మా గైడు గారు మెచ్చుకున్నారు. మొన్న ఆ ముక్కే రొయ్యలావిడకి చదివి వినిపించాను. ఆవిడ పొట్టు తీయడం ఆపింది.

"అపనమ్మకమా? తాళంచెవి మీ జేబులోనే ఉందండీ బాబాయ్ గారూ. బండి కింద దూరేటప్పుడు ఎర్రదారం వేలాడుతుంటే చూశాను. ఐసు చేతికొస్తే అందరూ అమ్ముకోడానికి పోతారని, మీ మీటింగు అయ్యేదాకా కదలకూడదని దాచుకున్నారు. నా రొయ్యలు ఆ రోజు కుక్కలు కూడా ముట్టలేదు. ఆ రాయి ఎటో పోతూ తగల్లేదు. నేనే విసిరాను. మీకే విసిరాను."