చింతపండుతో తోమిన రివాల్వర్

సాయంత్రం నాలుగూ ఇరవైకి మా ఆవిడ చింతపండు నానబెట్టింది. అవెన్ మీది గడియారం చూశాను కాబట్టి అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను. ఉద్యోగం పోయి అప్పటికి ఐదు నెలలు. రోజులో చాలాసార్లు ఆ గడియారమే చూసేవాణ్ణి. చారుకి కాబోలనుకుని, లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి బయటికి వెళ్ళాను.

అప్పుడు మేం డబ్లిన్‌కి దగ్గర్లో ఉన్న డ్రోహెడాలో అద్దెకుండేవాళ్ళం. నేను క్లాండాల్కిన్‌లో వైద్య పరికరాలు చేసే ప్లాంట్‌లో క్వాలిటీ ఇంజనీరుగా చేసి, మాంద్యంలో మొదటి విడతలోనే ఇంటికొచ్చాను. మా ఆవిడ కాకినాడలో చదివిన డాక్టరు. ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచెయ్యాలంటే రాయాల్సిన పరీక్ష ఒకటుంది. పెళ్ళి, ప్రయాణం, పాప పుట్టడం, ఇలా ఏటా అది వెనక్కి జరుగుతూ వచ్చింది. ఆ ఏడాది ఇక రాయాల్సిందేనని తేల్చుకుంది. పాప బడికి వెళ్ళగానే భోజనాల బల్ల మీద పుస్తకాలు పరిచేది. పరీక్ష ఫీజుకీ, దానికి తయారుచేసే కోర్సుకీ మా దగ్గర అమ్మదగ్గ వస్తువు ఒక్కటే ఉంది. నా పాత రివాల్వర్.

రోజులు బాగున్నప్పుడు, దగ్గర్లో ఒక పెద్ద ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆ సామాన్ల వేలంలో దాని పెట్టెతో సహా కొన్నాను. తూటాలు రాకముందు, మందూ గుండూ విడిగా కూరి కాల్చిన కాలం నాటిది. డబ్లిన్‌లో తయారుచేసినవాడి పేరు గొట్టం మీద చెక్కి ఉంది. కొలిచే యంత్రాలు లేని రోజుల్లో, ఆకురాయితో అంత సరిగ్గా ఎలా అరగదీశాడా అని తిప్పి తిప్పి చూసేవాణ్ణి. అంత పాతదాన్ని ముచ్చటకి ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదన్నారు. అయినా నా తృప్తి కోసం గార్డ్స్ అనే ఇక్కడి పోలీసుల స్టేషన్‌కి పట్టుకెళ్ళి చూపించాను. "గ్రాండ్. దీంతో ఎప్పుడైనా బ్యాంకు దోచేటట్టయితే ముందు మాకు ఫోన్ చెయ్యి, వచ్చి చూస్తాం" అన్నాడు అక్కడి గార్డు.

డబ్లిన్‌లో ఒక సందులో పాత ఆయుధాలు అమ్మే ముసలాయన కొట్టుంది. ఆయన వస్తువుని ముందే చూసి ఉన్నాడు. ఫోన్ చేస్తే, శనివారం తీసుకురా, కొనే మనిషిని పిలిపిస్తాను అన్నాడు. ఆ మాట మా ఆవిడకి చెప్పి, "శనివారం చూపించాలి, కాస్త రెడీ చేసి పెట్టు" అన్నాను.

లైబ్రరీ నుంచి వచ్చేసరికి భోజనాల బల్ల మీద స్టీలు పళ్ళెంలో రివాల్వర్ ఉంది. వెండిలా మెరుస్తోంది. గొట్టానికి పసుపు రాసి, మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టింది. పక్కన ఆమె స్టెతస్కోపు, దానికీ ఒక బొట్టు.

"ఇదేంటి?"

"ఆయుధపూజండీ. మర్చిపోయారా? ఏటా వంటింటి కత్తులతో పాటు మీ కొలతల వెర్నియర్‌కి బొట్టు పెడతాను. ఈసారి ఉద్యోగం లేదు, అది బయటికి తియ్యనన్నారు కదా. పోనీలే, ఇంట్లో అసలు ఆయుధమే ఉంది, దానికి చేద్దామనుకున్నా."

"దేంతో తోమావు?"

"చింతపండూ ఉప్పూ. ఎంత మొండి నలుపండీ బాబూ! మూడుసార్లు తోమితేగానీ వదల్లేదు. పనిలో పనిగా మీ అమ్మకానికీ రెడీ అయిపోయింది."

"డాడ్, ఇట్స్ ఓన్లీ గార్జస్" అంది పాప మురిసిపోతూ. అప్పుడు దానికి ఏడేళ్ళు.

ఆ నలుపు మురికి కాదు. తయారుచేసినవాడు ఉక్కుకి పట్టించిన రంగు. నూటయాభై ఏళ్ళు చేతులు పడి, గాలి తగిలి, అది ఆ ముదురు గోధుమ నలుపుకి వచ్చింది. అది నాకు తెలుసు. పదేళ్ళు లోహాల ఉపరితలాలు పరీక్షించి జీతం తీసుకున్నవాణ్ణి. కానీ అప్పుడేమీ అనలేదు. పులిహోర పెడితే తిన్నాను. ముసలాయన అంత పట్టించుకోడేమోనని ఆశపడ్డాను.

శనివారం ముగ్గురం బస్సులో వెళ్ళాం. కొట్లో మా ఆవిడ పెట్టె పట్టుకుని నా పక్కనే నిలబడింది. ముసలాయన మూత తీసి, పెట్టెని వెలుగు వైపు తిప్పాడు. తర్వాత భూతద్దం తీశాడు.

"ఎవరు చేశారీ పని?"

"మా ఆవిడ" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఈ అక్షరాల్లో ఎరుపేంటి? తుప్పా?"

"కుంకుమ" అంది ఆమె. "మా పండగ. పూజ చేశాను."

"మా అమ్మ అయితే పవిత్రజలం చల్లేది" అన్నాడాయన, మెల్లగానే. "అదీ ఇనుముకి మంచిది కాదు, మిసెస్. దేవుడికీ ఇనుముకీ పడదు."

కొనడానికి వచ్చినాయన ఒకసారి వంగి చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముసలాయన మమ్మల్ని కూర్చోమని విషయం చెప్పాడు. డబ్బులు పుష్కలంగా ఉన్న రోజుల్లో, కొత్త ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు ముందు గది గోడకి తగిలించడానికి మెరిసేవే అడిగేవారట. వాళ్ళ కోసం ఆయనే కొన్నిటిని పాలిష్ చేయించాడట. ఇప్పుడు వాళ్ళే ముందుగా అమ్ముకుంటున్నారు. వేలంపాటల్లో మెరిసేవి గుట్టలు పడి ఉన్నాయి, అడిగే నాథుడు లేడు. ఇంకా కొంటున్నది బ్యాంకుల మీద నమ్మకం పోయి, డబ్బుని వస్తువుల్లో దాచుకునే కొద్దిమంది. వాళ్ళకి చెయ్యి పడనిది కావాలి. అసలు రంగు, అసలు పెట్టె ఉంటే మునుపటికంటే ఎక్కువే ఇస్తారు. రంగు పోతే తాకరు.

"మూడేళ్ళ కిందట తెచ్చుంటే ఈ మెరుపు చూసే ఎగరేసుకుపోయేవాళ్ళు. పోయిన వారం తెచ్చుంటే ఆ నలుపు చూసి. నువ్వు రెండూ కాని రోజున తెచ్చావు" అన్నాడు. అనుకున్నదాంట్లో ఐదో వంతు ఇస్తానన్నాడు. నేను పెట్టె మూసి తీసుకొచ్చేశాను.

తిరుగు బస్సులో, పాప కిటికీకి ఆనుకుని నిద్రపోయాక, మా ఆవిడతో అన్నాను: "నీ పరీక్షని నువ్వే తోమేసుకున్నావు."

ఊరి వంతెన దగ్గరికొచ్చాక, "మీరేగా రెడీ చెయ్యమన్నారు" అంది. కోపంగా కాదు. సందేహం అడిగినట్టు అంది.

నేను రెడీ అన్నది పెట్టె, తుపాకిమందు డబ్బా, పాత రసీదు ఒకచోట పెట్టమని. అది నా మనసులో ఉంది, మాటలో లేదు. మా ఇళ్ళల్లో ఒక పాత వస్తువుని నలుగురికి చూపించాలంటే, రెడీ చెయ్యడమంటే తోమడమే. ఆ మాట అన్నప్పుడు నేను తలెత్తి ఆమెని చూడను కూడా లేదు. తప్పు నాది. ఇదే మాట ఆ బస్సులో అనాల్సింది. పాపని లేపి, భుజాన వేసుకుని దిగిపోయాను.

వారం తర్వాత ఆమె పుస్తకాలు ప్రెస్సులో పెట్టేసింది. ఇక్కడివాళ్ళలాగా మేమూ అలమరని ప్రెస్ అనడం అప్పటికే అలవాటైంది. "వచ్చే ఏడు చూద్దాంలెండి" అంది. మరుసటి ఏడు వసంతంలో నాకు స్లైగోలో ఒక మందుల ప్లాంట్‌లో కాంట్రాక్టు దొరికింది. వారమంతా అక్కడ, శని ఆదివారాలు ఇంట్లో. జీతం వచ్చింది కానీ పాపని చూసుకునే మనిషి ఆమె ఒక్కతే. వచ్చే ఏడు వచ్చింది. పరీక్ష సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, ఎత్తితే ఆ శనివారం కూడా లేస్తుందని.

ఆ తర్వాతి ఏడాది తనకి వచ్చిన జబ్బేమిటో మా కుటుంబ డాక్టరు, జీపీ కంటే ముందు ఆమే కనిపెట్టింది. ఆసుపత్రిలో స్కాన్ వివరించడానికి వచ్చిన కుర్ర డాక్టరు విజయవాడవాడు. తెలుగు ముఖాలు చూసి సంతోషపడి, "కంగారు పడకండి ఆంటీ, నేను సింపుల్‌గా చెప్తాను" అన్నాడు.

"సింపుల్‌గా వద్దు బాబూ, ఉన్నదున్నట్టు చెప్పు. నేనూ డాక్టర్నే."

"అయ్యో, సారీ మేడమ్. ఎక్కడ చేస్తున్నారు?"

"ఇంట్లో" అంది.

అతను నవ్వాడు, జోకనుకుని. ఆమె కూడా నవ్వింది. నేను కిటికీలోంచి కార్ పార్క్ చూస్తూ నిలబడ్డాను. తప్పు నాదని ఆ రోజైనా చెప్పి ఉండవచ్చు. ఆ తర్వాత ఆమె ఏడు నెలలు బతికింది, ఏ రోజైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. సంతాపం తెలుపుతూ ఒకాయన రాసిన ఉత్తరంలో ఆమెని ఇంటి దీపమన్నాడు. ఆమె దీపం కాదు. డాక్టరు.

ఆమె పోయిన కొన్నేళ్ళకి ముసలాయన ఫోన్ చేశాడు. మళ్ళీ ఇళ్ళు కడుతున్నారు, గోడలకి మెరిసేవి అడుగుతున్నారు, మీ ఆవిడ తోమింది ఇంకా ఉందా అన్నాడు. ఉంది గానీ మెరవడం లేదని చెప్పాను. అది నిజం. రంగు పోయిన ఉక్కు ఇక్కడి తేమకి తుప్పు పట్టి మచ్చలు మచ్చలుగా అయింది. అమ్మనని కూడా చెప్పాను.

పాప ఇప్పుడు పెద్దదైంది. కిందటి దసరాకి ఫోన్ చేసి, "డాడ్, డు వుయ్ స్టిల్ డూ ద నైవ్స్ అండ్ స్టఫ్?" అని అడిగింది. లేదని చెప్పాను. మా ఇంట్లో ఇప్పుడు ఆయుధపూజ చెయ్యడం లేదు.