ముందు వెళ్లేవాడు మోసే కబురు

నా చిన్నప్పుడు, ఐదో తరగతి సెలవుల్లో, ట్రాక్టర్ ట్రాలీ మీంచి పడి కాలు విరిగితే సూర్యాపేటలో ఒక దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నాను. మా ఊరు మాడుగులపల్లి దగ్గర. ఇంట్లో అమ్మ పచ్చి బాలింత. నాయిన మిర్యాలగూడ రైస్ మిల్లులో డ్యూటీ దిగి పొద్దుగూకాక వచ్చేవాడు. పగలంతా ఒక్కణ్నే. కిటికీ చువ్వలు, గోడ పెచ్చులు, మందు సీసాలు, అన్నీ లెక్కపెట్టడం అయిపోయింది.

పక్క మంచం మీద మిలిటరీ తాత ఉండేవాడు. యుద్ధంలో తూటా తగిలిన కాలికి షుగరు వల్ల మళ్లీ పుండు పడింది. ఆయన కోసం ఎవరూ రాలేదు. నా కట్టు చూసి, "నా కాలు సన్నవడ్డది, నీది డబుల్ అయింది. జర నాకు సగం ఇయ్యరాదురా!" అనేవాడు.

ఒక మధ్యాహ్నం తన సంగతి చెప్పాడు. తూటా తగిలి పడి, అవతలి సైన్యానికి ఖైదీగా దొరికాడు. వాళ్ల దవాఖానలోనే నెలలు గడిచాయి. యుద్ధం ఆగాక, గాయపడ్డ ఖైదీలను ముందు మార్చుకుందామని రెండు వైపులా ఒప్పుకున్నారు. డాక్టరు నడవలేనివాళ్లను ఏరి, మణికట్టుకు చీటీ కట్టాడు. తాతకు కట్టాడు. అక్కడ ఆయన పక్క మంచం వాడు కర్రతో నడవగలడు కనుక వాడికి కట్టలేదు.

వెళ్లేవాళ్లను తనిఖీ చేసి కాగితం ముక్క కూడా పోనిచ్చేవారు కాదు. అందుకని చీటీ పడ్డవాడు మిగిలినవాళ్ల దగ్గర నాలుగు సంగతులు నోటికి పట్టాలి: పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంటికి ఒక మాట. తాత ఏడుగురివి పట్టాడు. స్ట్రెచర్ మీద సరిహద్దు దాటి, విమానంలో జ్వరంతో మూలుగుతూ వల్లె వేశాడు. దిగాక ఆరు ఇళ్లకు కార్డులు రాశాడు. ఏడోవాడి ఊరు గుర్తుకు రాలేదు. వాడే పక్క మంచం వాడు.

"రోజూ సూసే మొఖమే గదా అని ఆఖరుకు అడిగిన బిడ్డా. గట్ల అయింది."

మర్నాడే నన్ను ఇంటికి పంపుతామని ఆ సాయంత్రం చెప్పారు. "మరి నీ నాలుగు సంగతులు చెప్పు తాతా" అన్నాను. "నాకెవరున్నర్రా?" అని గోడవైపు తిరిగాడు. ఆ గోడనే చూస్తూ చెప్పాడు. తుంగతుర్తిలో కూతురుంది. తనకు ఇష్టం లేని పెళ్లి చేసుకుందని ఆరేళ్లుగా మాటామంతీ లేదు. ఎల్లుండి మధ్యాహ్నం తన కాలు తీసేస్తారు.

"అయ్య కోపం సల్లారింది అను. రమ్మని మాత్రం అనకు."

రాసుకుంటానంటే ఒప్పుకోలేదు. పదిసార్లు చెప్పించాడు.

ఇంటికి తెచ్చాక నాయిన, "మనం గిటు, తుంగతుర్తి గటు. ఆదివారం పోత తియ్" అన్నాడు. ఆదివారానికి ఆ కాలు ఉండదు. నేను అన్నం ముట్టలేదు. తెల్లారి డ్యూటీ మాని బయల్దేరాడు. గడప దాటేముందు ఆయన చేత ఆ నాలుగు సంగతులూ మూడుసార్లు చెప్పించాను. "నాకే పాఠం వొప్పజెప్పుమంటున్నవ్" అని విసుక్కున్నాడు.

తాత కూతురు గడపలో నిలబడి విన్నదట. "ఇంకోపాలి చెప్పు అన్నా" అన్నదట. విని, ఇంటికి తాళం వేసి, నాయిన వెంటే బస్సెక్కింది. ఆపరేషన్ గదికి తోసుకుపోతున్న బండి దగ్గర తండ్రిని అందుకుంది.

"తాత ఏమన్నడు?" అని నాయినను అడిగాను.

"బువ్వ తిన్నవా బిడ్డా అన్నడు, గంతే."

తాతను మళ్లీ చూడలేదు. ఇప్పుడు కోదాడలో కిరాయి గదిలో ఉంటూ సైట్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఎక్కడికెళ్లినా పక్కనున్నవాడి ఊరు మొదటిరోజే అడుగుతాను, ఆఖరుకు ఉంచను. నా నాలుగు సంగతులు మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే మూడు వెంటనే చెప్పగలను. నాలుగోది, ఆ ఒక్క మాట, ఎవరికి పంపాలో ఇంకా తేలలేదు.