బాబాయి ఎడిట్ చేస్తున్నారు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు మండుతుంది. నా పిల్లల మీద ఒట్టు... ఇది నాకే జరిగింది. నరసరావుపేటలో, నా షాపులోనే.

నేను వెబ్‌సైట్లు చేస్తాను, తెలుసుగా. మా వీధి వెంకటప్పయ్య బాబాయికి మిరప నారు నర్సరీ ఉండేది. ఆయన సైటూ నేనే చేశాను. ఆయన గుండెపోటుతో పోయాక నర్సరీ పిన్ని చూసుకుంటోంది. ఆ సైటులో బుకింగ్ కోసం తగిలించిన చిన్న ప్రోగ్రాం, ప్లగిన్ అంటాం, ఒకటుంది. దాంట్లో లోపం ఉందని, పాస్‌వర్డ్ లేకుండానే ఎవడైనా లోపలికి దూరొచ్చని, వెంటనే అప్‌డేట్ చేయమని హెచ్చరిక వచ్చింది. పిన్నికి చెప్పాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పాను!

"వద్దబ్బాయ్. పోయినసారి అప్‌డేట్ అని సైటుని రెండ్రోజులు పడుకోబెట్టావు."

"పోనీ బాబాయి లాగిన్ అన్నా తీసేస్తా పిన్నీ. వాడేవాళ్ళు లేరు గందా."

"సంవత్సరీకం కాకుండానే మనిషి పేరు తీస్తావా? ఏం మాటలురా అయ్యి!"

గోడకు చెప్పుకున్నట్టే. నాదీ తప్పే, ఆవిడ మాట విని ఊరుకున్నాను.

తెల్లారితే నారు బుకింగ్ మొదలు. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి చూస్తే... బుకింగ్ బటన్ నొక్కగానే ఏదో జూదం సైటు తెరుచుకుంటోంది. ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే వెల్దుర్తి, బెల్లంకొండ రైతులు అదే నొక్కుతారు. ఈ ఒక్క సీజన్ పోతే పిన్ని నర్సరీ మూసుకోవాల్సిందే.

షట్టరు సగం దించి కూర్చున్నాను. ముందు ప్లగిన్ అప్‌డేట్ చేశాను. సైట్లో లాగిన్ అయి ఉన్నవాళ్ళందరినీ బయటికి నెట్టాను. పాస్‌వర్డ్‌లన్నీ మార్చాను... బాబాయిది కూడా. ఇక బుకింగ్ పేజీ సరిచేద్దామని నొక్కాను.

తెరుచుకోలేదు.

"ఈ పేజీని ప్రస్తుతం వెంకటప్పయ్య ఎడిట్ చేస్తున్నారు."

పక్కనే బాబాయి ఫోటో... భుజం మీద తువ్వాలు...

పైన ఫ్యాను కిర్రు... కిర్రు... నా చెయ్యి మౌసు మీదే ఉంది. ఎడమ చేత్తో పిన్నికి ఫోన్ చేశాను.

"పిన్నీ, నర్సరీ కంప్యూటర్ దగ్గర ఎవరన్నా ఉన్నారా?"

"ఎవరుంటారు? నేను నకరికల్లులో మా అక్కోళ్ళింట్లో ఉన్నా. తాళంచెవి నా కొంగునే ఉంది. ఏందిరా, ఏమైంది?"

ఏం లేదని పెట్టేశాను. ఇటు తిరిగి చూస్తే ఆ పేరు పోయింది. పేజీ తెరుచుకుంది. జూదం లింకు లేదు. అడుగున కొత్తగా ఒక లైను...

"తడిగోనె కప్పి తీసుకెళ్ళండి. దోవలో నారు వడిలిపోద్ది."

బాబాయి మాట అది. నారుకొచ్చిన ప్రతి రైతుతోనూ అనేవాడు. హ్యాకర్‌గాడికి నారు గోల దేనికి? పాత డ్రాఫ్టేదో పైకొచ్చిందేమోనని పాత కాపీలన్నీ వెతికాను. ఒక్కదాంట్లోనూ ఆ లైను లేదు. ఆ టైముకి నేను తప్ప ఎవరూ లాగిన్ అయినట్టు రికార్డూ లేదు. భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది నాకు. పదేళ్ళుగా చేస్తున్న పని నాకే అర్థం కాకపోతే ఎలా?

బుకింగ్ చక్కగా నడిచింది. మర్నాడు పిన్ని షాపుకొస్తే ఆ లైను చూపించాను. తిడుతుందనుకున్నాను. చానాసేపు చదువుకుంది.

"ఆ దొంగలు దూరిన సందు మూసేశావా?"

"మూసేశా పిన్నీ."

"మరి... మీ బాబాయి ఎట్టా వస్తాడురా?"

ఆ లైను పడింది నేను సందు మూసిన తర్వాతే. ఆ సంగతి ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు.